బంతి కదలక ముందే మాట

సూరత్ రింగ్ రోడ్డులోని జవుళి మార్కెట్లు షట్టర్లు దించే వేళకు నగరంలో వేరే దీపాలు వెలుగుతాయి. ఇరుకు మెట్లెక్కితే పొడుగాటి హాలు. వరసగా పచ్చగుడ్డ పరిచిన బల్లలు, బల్లల మీదికి వేలాడే దీపాలు, గోడకు ఆనించిన క్యూ కర్రలు. ఆ మధ్య ఓ బంధువుల పెళ్లికని వెళ్లినప్పుడు మా మేనల్లుడు నన్ను అలాంటి పూల్ పార్లర్‌కు లాక్కెళ్లాడు. ''మామా, ఇవాళ నా ఆట చూడాలె'' అన్నాడు. చూశాను. ఆటకంటే ఆట తర్వాత జరిగిందే ఎక్కువ గుర్తుండిపోయింది.

మావాడి తాత తెలంగాణ నుంచి సాంచాల పనికి వచ్చి లింబాయత్‌లో స్థిరపడ్డాడు. అలా వచ్చిన పద్మశాలీ కుటుంబాలు అక్కడ ఎన్నో ఉన్నాయి. నగరపాలక సంస్థ వారి పిల్లల కోసం తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతూ వచ్చింది. మూడో తరానికి వచ్చేసరికి మావాడు మగ్గం వదిలి మార్కెట్లో లెక్కలు రాసే ఉద్యోగంలో చేరాడు. పగలంతా మీటర్ల లెక్క, రాత్రి బంతుల లెక్క.

ఆ రోజు ప్రత్యర్థి అదే మార్కెట్లో పనిచేసే ఓ గుజరాతీ కుర్రాడు. ఆట ఎయిట్ బాల్. ముందుగా ఐదు ర్యాక్‌లు గెలిచినవాడిది పందెం. మొదట అనుకున్నది రెండు వేలు. మావాడు 2-0తో ముందున్నప్పుడు ఊపులో ఐదు వేలకు పెంచాడు. తర్వాత కథ మామూలే. 4-4 అయింది. ఆఖరి ర్యాక్‌లో నల్లబంతి ఒక్కటే మిగిలింది. మావాడు దాన్ని ఎడమ మూలకు గురిపెట్టి కొట్టాడు. అది అంచుకు తగిలి, రెండు కుషన్లు తిరిగి, కుడి మూల పాకెట్లో పడింది.

''పడింది కదా, గెలిచాను'' అన్నాడు మావాడు. ''చెప్పిన పాకెట్లో పడలేదు కదా, ఓడావు'' అన్నాడు అవతలివాడు. పాకెట్ చెప్పి కొట్టాలన్న నియమం ఉందో లేదో ఇద్దరూ ముందు మాట్లాడుకోలేదు. చుట్టూ ఉన్నవాళ్లు రెండు జట్లయ్యారు. ఆ జట్లలో కొందరు తమలో తాము పందాలు కాసుకున్నారని అప్పుడే తెలిసింది. గొంతులు లేచాయి.

హాలులో ఓ పెద్దాయన ఉన్నాడు. బంతులు పేర్చడం, స్కోరు చూడటం, గుడ్డ దులపడం ఆయన పని. మన క్లబ్బుల్లో మార్కర్ అంటామే, ఆయన. ఒకప్పుడు సాంచాలు నడిపినవాడే. అందరూ ఆయన్ని ''కాకా'' అంటారు. గుజరాతీలోనూ మన తెలంగాణలోనూ చెల్లే పిలుపు కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదు. ఆయన వచ్చి బల్ల మీద చెయ్యి పెట్టి ఒకే మాటన్నాడు. ''బంతి కదలక ముందు మాట్లాడుకోవాల్సింది బంతి ఆగినంక మాట్లాడుతున్రు. ఎవరికి అనుకూలమైన రూలు వాళ్లకు ఇప్పుడు యాదికొస్తది. ర్యాక్ మళ్లీ ఎయ్యండి.''

మళ్లీ వేశారు. మావాడు ఓడిపోయాడు. జేబులో మూడు వేలే ఉన్నాయి. మిగతా రెండు వేలు ''రేపిస్తా'' అన్నాడు.

పూల్ బాగా ఆడటం ఎలా, డబ్బు పెట్టి ఆడేటప్పుడు మర్యాదగా ఉండటం ఎలా అనేవి రెండు వేర్వేరు ప్రశ్నల్లా కనిపిస్తాయి. ఆ రాత్రి తర్వాత నాకు అవి ఒకే ప్రశ్న అనిపిస్తోంది. రెండింటికీ జవాబు ఒక్కటే: కర్ర ఎత్తకముందే ఏం జరగబోతోందో తేల్చుకోవడం.

ఈ ఆటలో డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందని విస్తుపోనక్కర్లేదు. పేరులోనే ఉంది. పూల్ అంటే ఆటగాళ్లంతా తలా కొంత వేసి పోగుచేసిన పందెం సొమ్ము. ఆ మాట ఫ్రెంచి 'పూల్' నుంచి వచ్చిందనీ, దానికి అసలు అర్థం కోడిపెట్ట అనీ నిఘంటువులు చెబుతాయి. అంటే సంక్రాంతికి భీమవరం వైపు బరుల్లో తిరిగే సొమ్ముకూ, ఈ పచ్చబల్లకూ మాటల్లోనైనా చుట్టరికం ఉందన్నమాట. తర్వాత అమెరికాలో గుర్రప్పందాలు కాసే గదులను పూల్‌రూమ్‌లన్నారు. పందేనికీ పందేనికీ మధ్య పొద్దుపోవడానికి అక్కడ బిలియర్డ్స్ బల్లలు వేశారు. చివరికి గది పేరు ఆటకు అంటుకుంది. పెద్దమనుషుల ఆటగా పేరుపడిన స్నూకర్ పుట్టుక కూడా ఇలాంటిదే. 1875లో జబల్‌పూర్ సైనిక మెస్‌లో నెవిల్ చాంబర్లిన్ అనే యువ అధికారి, అప్పటికే అక్కడ డబ్బు పెట్టి ఆడుతున్న బ్లాక్ పూల్‌కు మరికొన్ని రంగుబంతులు చేర్చాడు. అదే స్నూకర్ అయింది. తర్వాత ఊటీ క్లబ్బులో దాని నియమాలు రాసి గోడకు పెట్టారు. ఆ గోడ మీది కాగితం ఎంత ముఖ్యమో మా మేనల్లుడి నల్లబంతి చెబుతుంది.

కాబట్టి ముందు తేల్చుకోవాల్సినవేమిటో చూద్దాం. మొదటిది, ఆట ఏది? ఎయిట్ బాల్ అంటే సరిపోదు. అంతర్జాతీయ నియమాల ప్రకారం ఏ బంతి ఏ పాకెట్లో వేస్తున్నారో చెప్పాలి, లేదా చూసేవారికి స్పష్టంగా తెలియాలి. నల్లబంతి చెప్పిన పాకెట్లో కాక మరోదాంట్లో పడితే ర్యాక్ పోయినట్టే. ఫౌల్ అయితే అవతలివారు తెల్లబంతిని బల్ల మీద ఎక్కడైనా పెట్టుకుని కొట్టొచ్చు. కానీ పార్లర్‌కో పద్ధతి ఉంటుంది. కొన్నిచోట్ల ఫౌల్‌కు రెండు షాట్లిస్తారు. కొన్నిచోట్ల తెల్లబంతిని గీత వెనకే పెట్టాలంటారు. ఎక్కడి పద్ధతి అక్కడ సరైనదే. ఏ పద్ధతిలో ఆడుతున్నామో చెప్పుకోకపోవడమే తప్పు.

రెండోది, పందెం ఎంత, ఎన్ని ర్యాక్‌లకు? ర్యాక్‌కు ఇంత అని ఆడటం వేరు, ఫలానా సంఖ్యకు ముందు చేరినవారికి మొత్తం అని ఆడటం వేరు. మొదటిదాంట్లో ఎప్పుడైనా ఆగొచ్చు కాబట్టి ఎప్పుడు ఆగాలన్న గొడవ వస్తుంది. రెండోదాంట్లో ముగింపు ముందే తెలుసు. కొత్తవారికి రెండోదే మేలు. మధ్యలో పందెం పెంచకూడదు. ముందున్నవాడు పెంచితే దురాశ, వెనకబడ్డవాడు పెంచితే ఉక్రోషం. రెండూ బుద్ధి చెప్పే సలహాలు కావు.

మూడోది, బల్ల అద్దె ఎవరిది? మన పార్లర్లలో ఓడినవాడు కట్టడం చాలాచోట్ల ఆనవాయితీ. పందెం డబ్బుతో పాటు అదీ పోతుందా, లేక చెరిసగమా? నాలుగోది, బ్రేక్ ఎవరిది? గెలిచినవాడిదా, వంతులవారీగానా? ఐదోది, అనుమానం వస్తే తీర్పు ఎవరిది? రెండు బంతులు దాదాపు అంటుకుని ఉన్నప్పుడు కొట్టే షాట్ మీదే తగాదాలెక్కువ. కొట్టకముందే మార్కర్‌నో, ఇద్దరూ నమ్మే మరొకరినో దగ్గరికి పిలిచి చూడమనాలి. కొట్టాక పిలిస్తే ఆయన చూసిందేమీ ఉండదు.

ఆరోది అన్నిటికంటే సున్నితం. ఇద్దరి స్థాయీ ఒకటి కాకపోతే ఎంత తగ్గింపు ఇవ్వాలి? బలమైనవాడు ఏడు ర్యాక్‌లు గెలవాలి, బలహీనుడు ఐదు గెలిస్తే చాలు అనుకోవచ్చు. ఈ బేరం దాపరికం లేకుండా జరగాలి. తన ఆట ఎంతో తెలిసీ తక్కువ చేసి చూపించేవాడు తెలివైనవాడు కాదు, మోసగాడు. ఈ రకాన్ని సినిమాలు వీరుణ్ని చేశాయి. నిజజీవితంలోనూ ఓ కథ ఉంది. ఫిలిప్పీన్స్‌కు చెందిన ఎఫ్రెన్ రేయెస్ 1985లో అమెరికా వెళ్లినప్పుడు అప్పటికే ఆయన పేరు అక్కడి జూదరుల చెవిన పడింది. అందుకని సీజర్ మొరాలెస్ అనే మారుపేరుతో ఆడాడు. ఆ పేరుతోనే హ్యూస్టన్‌లో ఓ టోర్నమెంట్ కూడా గెలిచాడు. చెప్పుకోవడానికి సరదాగానే ఉంటుంది. కానీ ఆయన మీద జనం అభిమానం నిలిచింది మారుపేరు వల్ల కాదు. 1996లో హాంకాంగ్‌లో ఎర్ల్ స్ట్రిక్‌లాండ్‌తో లక్ష డాలర్ల మ్యాచ్ ఆడాడు. 120 ర్యాక్‌లు ముందు గెలిచినవారికే మొత్తం సొమ్ము. రోజుల తరబడి సాగిన ఆ ఆటను రేయెస్ 120-117తో గెలిచాడు. సొంత పేరు, అందరికీ తెలిసిన షరతులు, బాహాటంగా ఆట. అంత డబ్బు, అంత తక్కువ తేడా. అయినా బంతి ఆగాక కొత్త రూలు గుర్తుచేసుకోవాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

ఇక ఆట మధ్యలో మర్యాద. అవతలివారు వంగి గురి చూస్తున్నప్పుడు వారి చూపుకెదురుగా నిలబడకూడదు. కదలకూడదు, దగ్గకూడదు, చాక్ గీకకూడదు, ఫోన్ మోగనివ్వకూడదు. కూర్చోవడానికి కుర్చీ ఉంటే కూర్చోవడం ఉత్తమం. ''మంచి షాట్'' అన్న మాట బంతి పడ్డాకే అనాలి. ''ఇది పడితే ఇక అయిపోయినట్టే'' వంటి మాటలు మెచ్చుకోళ్లు కావు, గురి చెడగొట్టే రాళ్లు. చొక్కా అంచు తగిలి బంతి కదిలితే ఎవరూ చూడకపోయినా తానే చెప్పాలి. స్నూకర్ ప్రపంచంలో తన ఫౌల్ తానే ఒప్పుకోవడం ఎప్పటి నుంచో ఉన్న ఆచారం. ఓ ర్యాక్ పోతుంది, నిజమే. కానీ ఆ తర్వాత పదేళ్ల పాటు ఆ హాలులో మీ మాట చెల్లుతుంది. ఓడినప్పుడు క్యూ వంకరనీ, గుడ్డ తడిసిందనీ, దీపం కళ్లలో కొట్టిందనీ అనడం ఆడలేక మద్దెల ఓడు అన్నట్టే ఉంటుంది. తాపీ నది ఒడ్డున, సముద్రానికి చేరువగా ఉన్న సూరత్‌లో వానాకాలం గుడ్డ తేమ పట్టి బంతులు బరువుగా కదలడం మాత్రం నిజం. అయితే ఆ తేమ ఇద్దరికీ సమానమే.

పక్కనున్నవారికీ మర్యాదలున్నాయి. డబ్బు ఆట జరుగుతున్నప్పుడు సలహాలివ్వకూడదు. ఆటగాళ్ల మీద పందాలు కాయకూడదు. ఆడేవాడు తన డబ్బుకే జవాబుదారీ కావాలి. వెనక పదిమంది సొమ్ము చేరిందా, ఆ షాట్ ఇక అతడిది కాదు. ఇంకా ముదిరితే అసలు ఆటే అతడిది కాకుండా పోతుంది. 2023లో ప్రపంచ స్నూకర్ సంఘం పది మంది చైనా ఆటగాళ్ల మీద నిషేధం విధించింది. వారిలో ఇద్దరికి జీవితకాల నిషేధం. మరొకరు, జావో షింటాంగ్, తానేమీ మ్యాచ్ ఫిక్స్ చేయకపోయినా బెట్టింగ్ కాసినందుకు, మరొకరి ఫిక్సింగ్‌లో పాలుపంచుకున్నందుకు 20 నెలలు ఆటకు దూరమయ్యాడు. తిరిగొచ్చి 2025లో ప్రపంచ చాంపియన్ అయ్యాడు. అందరికీ అలాంటి రెండో అవకాశం రాదు.

మనవాళ్లకు ఇది కొత్త పాఠం కాదు. భారతంలో పందెం ఒడ్డింది దుర్యోధనుడు, పాచికలు వేసింది శకుని. ఒడ్డేవాడొకడు, ఆడేవాడొకడు అయినప్పుడే ధర్మరాజు లేచి వెళ్లిపోవాల్సింది. పైగా ఎక్కడ ఆగాలో ముందు అనుకోలేదు. ఎంత పోతే అంతకు మించి ఒడ్డాడు. పల్నాటి కథలో కోడిపందెం షరతు ముందే ఉంది: ఓడినవారు ఏడేళ్లు రాజ్యం వదలాలి. ఓడినవారు వెళ్లారు కూడా. గడువు తీరాక రాజ్యం తిరిగిచ్చే దగ్గర అవతలివారు మాట తప్పారు. కారెంపూడి నెత్తురు కోడి కాళ్ల కత్తి వల్ల పారలేదు, తప్పిన మాట వల్ల పారింది.

మాట మీద ఇంత పట్టు ఎందుకంటే, పందెం విషయంలో మాటకు మించిన పత్రం లేదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు. గెలిచాను, డబ్బిప్పించండని కోర్టుకెళ్లడానికి లేదు. గుర్రప్పందాల బహుమతులకు మాత్రం చిన్న మినహాయింపుంది. ఇక నేరం సంగతి. గుజరాత్‌కు వర్తించే 1887 నాటి జూద నిరోధక చట్టం కేవలం నైపుణ్యంతో కూడిన ఆటలను మినహాయించింది. సికింద్రాబాద్‌లోని ఒక రిక్రియేషన్ క్లబ్బు కేసులో 1967లో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యపు ఆటేనంది. అయితే ఆట పేరుతో మరో రకం జూదం నడిచినా, నడిపేవారు పందెంలో లాభం తీసినా సంగతి వేరని కూడా చెప్పింది. నైపుణ్యం అన్న మాట అన్నిటికీ రక్షణ కవచం కాదు. 2017లో గుజరాత్ హైకోర్టు పోకర్‌ను జూదం కిందే లెక్కగట్టింది. అదే ఏడాది తెలంగాణ తన చట్టాన్ని సవరించి, నైపుణ్యపు ఆట మీద డబ్బు ఒడ్డడాన్నీ పందెం నిర్వచనంలోకి తెచ్చింది. ఫోన్‌లో పూల్ ఆడి డబ్బు గెలుద్దామనుకునేవారు 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టాన్ని గుర్తుంచుకోవాలి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల విషయంలో అది నైపుణ్యం, అదృష్టం అన్న తేడా చూడదు. సారాంశం ఏమంటే, సూరత్‌లో ఓ సాయంత్రం చెల్లినట్టు కనిపించింది వరంగల్‌లో చెల్లకపోవచ్చు. పార్లర్ యజమాని ''పందాలు వద్దు'' అని బోర్డు పెడితే అక్కడితో వాదన ముగిసినట్టే. ఎందుకంటే పోలీసులొస్తే మూతపడేది ఆయన హాలు.

కోర్టు రాబట్టలేని డబ్బును రాబట్టేది పరువు ఒక్కటే. ఇది సూరత్ వాళ్లకు చెప్పక్కర్లేదు. ప్రపంచంలో సానపట్టే వజ్రాల్లో పదింట తొమ్మిది ఈ నగరం చేతుల మీదుగా వెళ్తాయంటారు. మహీధర్‌పురా వీధుల్లో చిన్న కాగితం పొట్లంలో లక్షల విలువైన రాళ్లు నోటిమాట మీద చేతులు మారతాయి. ఆ వీధిలో ఓసారి మాట తప్పినవాడికి రెండోసారి పొట్లం విప్పి చూపించరు. పూల్ హాలు కూడా అలాంటి చిన్న బజారే. బాకీ ఎగ్గొట్టినవాడి పేరు మర్నాటికి అన్ని బల్లలకూ తెలుస్తుంది.

అందుకే పందెం డబ్బు రెండు వైపులవాళ్లూ ఆట మొదలవక ముందే తీసి మార్కర్ చేతికో, నమ్మకస్తుడి చేతికో ఇవ్వడం పాత పద్ధతి. జేబులో లేని డబ్బు ఒడ్డకూడదన్నది దానిలోనే ఇమిడి ఉంది. ఉద్దెర పందెం పందెం కాదు, అప్పు. గెలిచినవాడికీ ఓ ధర్మముంది. డబ్బు లెక్కపెట్టి వెక్కిరించకూడదు. ఓడినవాడు ఇంకో ఆట అడిగితే, ఇంటి డబ్బు తీస్తున్నాడని తెలిసినప్పుడు ''ఇవాళ్టికి చాలు'' అనాలి. కొందరు గెలిచినవాడే టీ ఇప్పిస్తారు. ఆ టీ ధర కంటే విలువైనది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ఆట మెరుగుపడేదెలా? డబ్బు పెడితేనే పట్టుదల వస్తుందనీ, పట్టుదల వస్తేనే ఆట వస్తుందనీ కుర్రకారు నమ్మకం. సగమే నిజం. పందెం మీ ఆటలో ఏముందో బయటపెడుతుంది. లేనిదాన్ని తెచ్చిపెట్టదు. మర్నాడు మధ్యాహ్నం హాలు ఖాళీగా ఉన్నప్పుడు కాకా మావాడికి అదే చూపించాడు. ''నువ్వు బంతి మంచిగనే ఏస్తవు. కానీ తెల్లబంతి యాడికి పోతదో నీకు ఎరుక లేదు'' అన్నాడు.

ఆయన పెట్టిన పరీక్ష చూడండి, ఎవరైనా చేయొచ్చు. పాకెట్‌కు తిన్నగా ఓ బంతిని పెట్టాలి. దానికి రెండడుగుల వెనక తెల్లబంతి. తెల్లబంతి నడుముకు కాస్త కింద కొట్టి, ఎదుటి బంతి పాకెట్లో పడేలా, తెల్లబంతి తగిలినచోటే నిలిచిపోయేలా చేయాలి. పదిసార్లు కొట్టి ఎన్నిసార్లు నిలిచిందో రాసుకోవాలి. మావాడికి బంతి పదిసార్లూ పడింది, తెల్లబంతి నిలిచింది మూడుసార్లే. ఎనిమిది దాటేదాకా దూరం పెంచకూడదు. తర్వాత అదే షాట్‌ను పైన కొట్టి తెల్లబంతిని జానెడు ముందుకు పంపాలి. ఆ తర్వాత ఇంకా కింద కొట్టి జానెడు వెనక్కి లాగాలి. ఆగడం, సాగడం, వెనక్కి రావడం. ఈ మూడూ చేతికొస్తే ఆట సగం వచ్చినట్టే.

బంతిని పక్కవాటుగా కొట్టినప్పుడు ఏం జరుగుతుందో కూడా లెక్క ఉంది. దొర్లకుండా జారుతూ వెళ్లిన తెల్లబంతి, ఎదుటి బంతి వెళ్లిన దారికి లంబంగా విడిపోతుంది. దొర్లుతూ తగిలితే ఆ గీత నుంచి ముందుకు వంగుతుంది. ఎదుటి బంతిలో సగం కనిపించేలా కొట్టినప్పుడు తన పాత దారికి దాదాపు 30 డిగ్రీల పక్కకు వెళ్తుంది. ఈ రెండు గీతలు కళ్లకు కనిపించడం మొదలైతే తెల్లబంతి పాకెట్లో పడి ఫౌల్ అవడం సగానికి సగం తగ్గుతుంది.

గురికి సులువైన మార్గం ఊహాబంతి. పాకెట్‌కు ఎదురుగా, కొట్టాల్సిన బంతి వెనక దాన్ని తాకుతూ మరో బంతి ఉన్నట్టు ఊహించాలి. తెల్లబంతి సరిగ్గా ఆ చోటికి చేరాలి. నిలబడి ఉండగానే గురి తేల్చుకోవాలి. వంగాక మనసు మారితే లేచి మళ్లీ మొదలెట్టాలి. వంగి ఉండి గురి సర్దుకోవడం, ఆట మధ్యలో పందెం పెంచడం ఒకలాంటివే. పట్టు వదులుగా ఉండాలి. కొట్టాక తల లేవకూడదు. బ్రేక్‌లో బలం కంటే ముందు బంతికి నిండుగా తగలడం ముఖ్యం.

ఆ తర్వాత మెట్టు మూడు బంతుల సాధన. మూడు బంతులను ఇష్టమొచ్చినట్టు చల్లి, తెల్లబంతిని నచ్చినచోట పెట్టుకోవాలి. ఏది ముందు, ఏది తర్వాత, ఒక్కోసారి తెల్లబంతి ఎక్కడ ఆగాలి అన్నది పైకి చెప్పి, అప్పుడు కొట్టాలి. మూడూ పడినా చెప్పినచోట ఆగకపోతే లెక్కలోకి రాదు. అహ్మదాబాద్‌లో పెరిగిన గీత్ సేఠీ 1992 ప్రపంచ ప్రొఫెషనల్ బిలియర్డ్స్ చాంపియన్‌షిప్‌లో ఒకే బ్రేక్‌లో 1,276 పాయింట్లు చేశాడు. అంతసేపు ఆడగలిగింది కష్టమైన షాట్లు కొట్టి కాదు, కష్టమైన షాట్ తన ముందుకు రానివ్వకుండా. చూసేవారికి ప్రతి షాటూ తేలిగ్గా కనిపిస్తే ఆడేవాడు గొప్పవాడని అర్థం. వీలుంటే అప్పుడప్పుడు స్నూకర్ బల్ల మీదా ఆడండి. పన్నెండడుగుల బల్ల, 57 మిల్లీమీటర్ల పూల్ బంతికి బదులు 52.5 మిల్లీమీటర్ల బంతి. అక్కడ చెయ్యి కుదిరితే పూల్ పాకెట్ బావిలా కనిపిస్తుంది.

ఆడాల్సింది మీకంటే కాస్త మెరుగైనవారితో. మరీ మెరుగైనవారితో ఆడితే కుర్చీలో కూర్చునే సాధనే ఎక్కువ. పందెం ఏదైనా ఉండాలనుకుంటే బల్ల అద్దె చాలు. ఓడితే అది గురుదక్షిణ. ఓడిన ప్రతి ర్యాక్ తర్వాత ఏ షాట్ దగ్గర పోయిందో ఒక్క ముక్క రాసుకోండి. పది రాత్రుల తర్వాత ఆ కాగితం మీకు కోచ్ అవుతుంది. చాలామందికి అందులో తేలేది తప్పిన షాట్లు కావు, కొట్టకుండా ఉండాల్సిన షాట్లు. పడే దారి లేనప్పుడు తెల్లబంతిని దాచి అవతలివారికి కష్టం మిగల్చడం పిరికితనం కాదు, ఆటలో భాగం.

మిగిలిన రెండు వేల సంగతి చెప్పలేదు కదూ. మర్నాడు ఉదయం మావాడు నా దగ్గరికొచ్చి నేల చూపులు చూశాడు. పోయిన మూడు వేలూ నెల జీతంలో ఇంట్లో ఇవ్వాల్సిన వాటాలోవి. ''మామా, ఆ పోరడు ఏం జేస్తడు? కేసు పెట్టలేడు కద'' అన్నాడు. ''కేసు పెట్టలేడు కాబట్టే ఇవ్వాలిరా'' అన్నాను. రెండు వేలు నేనే సర్దాను. రెండు షరతులు పెట్టాను: మూడు నెలల్లో నాకు తిరిగివ్వాలి, ఇంట్లో జీతం సంగతి వాడే చెప్పాలి. పందెం బాకీకి అప్పివ్వడం సరైన పనేనా అని ఇప్పటికీ నాకు అనుమానమే. రెండో షరతే కష్టమని వాడి ముఖం చూస్తే తెలిసింది. ఆ రాత్రి అన్నం దగ్గర చెప్పాడు. మా అక్క చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ''ఇంకెంత బాకీ ఉంది?'' అని మాత్రం అడిగింది.

అంతకుముందు సాయంత్రమే, అవతలివాడు అడగకముందే హాలులో డబ్బు చేతికిచ్చాడు. ఆ కుర్రాడు లెక్కపెట్టకుండా జేబులో పెట్టుకుని, చాక్ అందుకుంటూ ఇంకో ఆటకు సిద్ధమా అని సైగ చేశాడు. మావాడు కాసేపు బల్లకేసి చూశాడు.

''బల్ల డబ్బులకైతే ఆడతా. ఐదు ర్యాక్‌లు. పాకెట్ చెప్పి కొట్టాలి'' అన్నాడు. కాకా ఏమీ అనకుండా బంతులు పేర్చాడు.